చుక్కలు లెక్కపెట్టిన మాంత్రికుడు

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజ్యం, ఆ రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల ధూమకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు తారావళి అనే రాజకుమారిని ఎత్తుకుపోయి గాజుమేడలో దాచాడు. "నా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినవాడికే ఈ పిల్ల. చెప్పలేకపోతే రాయైపోతాడు!" అని చాటించాడు.

పెద్దవాడు వెళ్ళాడు, రాయైపోయాడు. నడిపివాడు వెళ్ళాడు, వాడూ రాయైపోయాడు. అప్పుడు చిన్నవాడు సుకేతుడు తల్లి కాళ్ళకు మొక్కి, "అన్నలను తీసుకొస్తానమ్మా," అని బయలుదేరాడు.

పోగా పోగా ఇసుక దిబ్బల్లో దారి తప్పాడు. చీకటి పడింది. కాలి దగ్గర ఒక పేడపురుగు తన ఉండను దొర్లించుకుంటూ తిన్నగా పోతోంది.

"పురుగు తాతా, నీకు దారెలా తెలుస్తోంది?"

"పైన ఆ తెల్లని చార చూశావా బాబూ? దాన్ని చూసుకునే నడుస్తాను. నువ్వూ దాన్నే చూసుకుంటూ పో, సముద్రం తగులుతుంది."

సముద్రం తగిలింది. ఒడ్డున ఒక ముసలి హంస వలలో చిక్కుకుని ఉంది. సుకేతుడు వల కోసి విడిపించాడు. హంస అతన్ని వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. దాటినంతసేపూ అతను అడుగుతూనే ఉన్నాడు, అది ఆకాశం కబుర్లు చెబుతూనే ఉంది.

ధూమకంఠుడు మంత్రదండం పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆకాశంలో ఆ తెల్లని చార ఏమిట్రా?"

"పాలపుంత. లెక్కలేనన్ని చుక్కల గుంపు. పెద్ద పళ్ళెంలా ఉంటుంది. మనం దాని లోపలే ఉన్నాం. అంచువైపు చూస్తే చుక్కలన్నీ కిక్కిరిసి చారలా కనిపిస్తాయి."

"మరి సూర్యుడో?"

"ఆయనా ఒక చుక్కే. దగ్గరున్నాడు కాబట్టి పెద్దగా కనిపిస్తాడు. పళ్ళేనికి నడుమ ఉండడు, ఓ పక్కగా ఉంటాడు. మనల్ని వెంటేసుకుని ఆ నడిమి చోటు చుట్టూ తిరుగుతాడు. ఒక్క చుట్టుకు ఇరవై కోట్ల ఏళ్ళకు పైనే!"

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. "ఎర్రచుక్క వేడా, నీలిచుక్క వేడా?"

హంస ఆ సంగతి చెప్పలేదు! సుకేతుడి పాదాలు అప్పుడే రాయిలా బిగుసుకుంటున్నాయి. ఎర్రచుక్క అనబోయి ఆగాడు. కోట వాకిట్లో కమ్మరి కొలిమి గుర్తొచ్చింది. ఇనుము ముందు ఎర్రబడుతుంది. ఇంకా కాలిస్తే పసుపు, ఇంకా కాలిస్తే తెలుపు. అంటే ఎరుపు తొలి మెట్టేగా!

"నీలిచుక్కే వేడి!" అని అరిచాడు. పాదాలు వదులయ్యాయి.

"ఇక నా వంతు. పాలపుంతలో చుక్కలెన్నో నువ్వు చెప్పు," అన్నాడు సుకేతుడు.

"ఓస్, అంతేనా!" అని ధూమకంఠుడు మెడ పైకెత్తి మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు..."

తెల్లారింది, చుక్కలు మాయమయ్యాయి, లెక్క తప్పింది. చీకటి పడగానే మళ్ళీ మొదలుపెట్టాడు.

అప్పుడు తారావళి గాజుమేడ కిటికీలోంచి మెల్లగా, "వాడి ప్రాణం అటక మీది చిలకలో ఉందండీ," అంది.

సుకేతుడు అటకెక్కాడు. పంజరంలోని చిలక ఓ మూలకు ఒదిగిపోయింది. "నన్ను చంపుతావా?"

"నిన్నెందుకు చంపుతానే, పిచ్చిదానా?"

"అయితే పంజరం తలుపు తియ్యి. నేను బయటపడితే వాడి మంత్రాలు పోతాయి, ప్రాణం ఉంటుంది."

తలుపు తీశాడు. చిలక తుర్రుమంది. రాళ్ళన్నీ మనుషులయ్యాయి, అన్నలిద్దరూ పరుగున వచ్చి తమ్ముణ్ణి వాటేసుకున్నారు. ధూమకంఠుడు మాత్రం వెనక్కి తిరగనే లేదు. "నాలుగు వేల పన్నెండు..." అంటూ హాయిగా లెక్కలోనే ఉన్నాడు.

హంస నవ్వింది. "పదివేల కోట్లకు పైమాటే. అవయ్యాక పక్కన వేరే పుంతలూ ఉన్నాయి. పాపం, కాలక్షేపానికి లోటు లేదు."

సుకేతుడికీ తారావళికీ పెళ్ళయింది. పురోహితుడు అరుంధతిని చూపించమన్నాడు. సుకేతుడు వేలెత్తి, "అదిగో," అన్నాడు.

"అది వశిష్ఠుడండీ," అంది తారావళి. "పక్కనే చిన్నగా మినుకుమంటోందే, ఆవిడ అరుంధతి."

పెళ్ళిపందిరంతా గొల్లున నవ్వింది. సుకేతుడూ నవ్వేశాడు. ఆనాటి నుంచి అరవై ఏళ్ళు రాజ్యమేలాడు, ఏ తీర్పు చెప్పాలన్నా ముందు తారావళిని ఓ మాట అడిగేవాడు.