మఖమల్ పెట్టెలో ఉలులు

ముక్తేశ్వరానికి హంస రెక్క లొంగడం లేదు.

నాగలింగాచార్యులు దేవుడి ఊరేగింపు వాహనాలు చెక్కడంలో పేరున్నవాడు. ఆ ఏడు హంస వాహనానికి కుడి రెక్క తాను చెక్కి, ఎడమ రెక్క శిష్యుడు ముక్తేశ్వరానికి వదిలేశాడు. సొంతంగా అతని చేతికొచ్చిన మొదటి పని అది. కుదిరితే పనివాడు. కుదరకపోతే మళ్లీ గరుకు కాగితం పట్టుకుని, ఇంకొకరు చెక్కినదాన్ని రుద్దుతూ కూర్చోవాలి.

ఈక తీయబోతే టేకు పీచు లేచిపోతోంది. తప్పు ఉలిదేనని ముక్తేశ్వరం తేల్చేశాడు. ఉలి ఎదురు చెప్పదు గదా. పట్నం వెళ్లి, మిక్సీ కోసం భార్య దాచుకున్న డబ్బంతా పోసి విదేశీ ఉలులు ఆరు కొనుక్కొచ్చాడు. ఎర్ర మఖమల్ పరిచిన పెట్టెలో అవి పెళ్లికొడుకుల్లా పడుకుని ఉన్నాయి.

మర్నాడు వాటితో చెక్కాడు. పీచు అలాగే లేచింది. భార్య ముఖం కళ్లముందు కదిలేసరికి అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

పెట్టె తెచ్చి గురువు ముందు పెట్టాడు.

“గురువుగారూ, ఇంత ఖరీదు పెట్టి కొనడం దండగేనంటారా?”

ఆచార్యులు ఒక ఉలి తీసి, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు. “సానపెట్టావా?”

“కొత్తవి గదండీ. అయినా అంత మెరుపున్నవాటిని రాతి మీద రుద్దడానికి చేతులు రాలేదు.”

ఆచార్యులు సానరాయి మీద కాసిని నీళ్లు చల్లి, అద్దంలా ఉన్న ఆ ఉలిని బరబరా రుద్దడం మొదలుపెట్టాడు. ఆ రాయి తన వీపు మీదే నడుస్తున్నట్టు ముక్తేశ్వరం ముడుచుకుపోయాడు. మెరుపు పోయింది. గీతలు పడ్డాయి. పక్కన పనిచేసుకుంటున్నవాళ్లు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. గురువు మాత్రం తాపీగా కూనిరాగం తీస్తూ, తిప్పి తిప్పి రుద్దుతూనే ఉన్నాడు. చివరికి ముంజేతి వెంట్రుకల మీద ఆనిస్తే, ఉలి నున్నగా గొరిగేసింది.

అప్పుడు దాన్ని శిష్యుడి చేతిలో పెట్టి రెక్క వైపు చూపించాడు.

ముక్తేశ్వరం భయపడుతూనే నెట్టాడు. చెక్క కిక్కురుమనలేదు. పలచటి పొర చుట్టలు చుట్టుకుంటూ లేచి ఒళ్లో పడింది. కింద ఈక నున్నగా ఉంది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. భోజనానికి పిలిచినా లేవలేదు. సాయంత్రానికి రెక్క సగం తేలింది. ఉలి పదును మాత్రం ఇంకా అలాగే ఉంది.

గురువు వచ్చి తన రెక్కనీ, శిష్యుడి రెక్కనీ మార్చి మార్చి తడిమి “ఊఁ” అన్నాడు. ఆ ఒక్క ఊఁ కోసం ముక్తేశ్వరం ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నాడు.

“ఉక్కు మంచిదేనోయ్,” అన్నాడు ఆచార్యులు, ఉలిని వెలుతురుకు పట్టి చూస్తూ.

“అయితే పెట్టిన ధరకి తగినవేనన్నమాట,” అన్నాడు ముక్తేశ్వరం సంబరంగా.

ఆచార్యులు పెట్టెలోకి తొంగిచూశాడు. మిగిలిన అయిదూ మఖమల్ మీద తళతళలాడుతున్నాయి.

“నా చేతిలోది తగినదే. ఇవి ఇంకా కాలేదు.”

ముక్తేశ్వరం పెట్టె తీసుకుని సానరాయి ముందుకు జరిగి కూర్చున్నాడు.