చారులో నూనె బొట్లు

వృక్షశాస్త్రం బోధించే అవధానులు మాస్టారు ఏ ప్రశ్నకైనా నేరుగా జవాబు చెప్పగా విన్నవాళ్లు ముల్లోకాల్లోనూ లేరు. ఒకప్పుడు ఆయన ఉల్లిపొరను వేలిమీద పరిచి, ఉత్త కళ్లతోనే కణాలు లెక్కపెట్టారు. తర్వాత సూక్ష్మదర్శినితో సరిచూస్తే, తప్పు యంత్రానిదేనని తేలింది. అంతటి మనిషికి వాదనలతో పనేముంది? ఎదురుగా ఏది ఉంటే అదే చూపించేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నీలవేణి ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయనకెదురుగా కూర్చుందన్నమాటే గాని, అన్నం కెలుకుతూనే ఉంది. చిన్న చిన్న సంచులు కలిసి, మొక్క కణం నడుమ పెద్ద నీటిసంచిలా ఉండే రిక్తిక ఏర్పడడానికి ఒక ప్రోటీన్ తోడ్పడుతుందని ఆమె మూడేళ్లు నమ్మింది. ఆ ప్రోటీన్ ఎక్కడుందో కనబడేలా దానికి పచ్చగా వెలిగే గుర్తు తగిలించి మొక్కలు పెంచింది. ముదురాకులు వెయ్యి, కాదు కాదు, రెండు వేలు కోసి చూసింది. నిండు రిక్తికలో ఎక్కడా ఆ వెలుగు జాడ లేదు. ఇక లాభం లేదని ఆ మొక్కల విత్తనాల డబ్బాకు ‘పారవేయాలి’ అని చీటీ అంటించి వచ్చింది. చీటీ పడిన విత్తనాలను సాయంత్రం నాలుగింటికల్లా ఆవిరిలో ఉడికించెయ్యడం ఆ ప్రయోగశాల కట్టుబాటు.

“కట్టినదాంట్లో కనబడనిదాన్ని, ఇదే కట్టిందని ఎలా రాయను మాస్టారూ?” అని అడిగింది.

మాస్టారు ఆమె చారు గిన్నెను తనవైపు జరుపుకున్నారు. పైన నూనె బొట్లు తేలుతున్నాయి. రెండు బొట్లు దగ్గరకొచ్చి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, దేని దారిన అది పోయాయి. ఆయన తన విస్తరాకు అంచునుంచి కుట్టుపుల్ల ఒకటి లాగి, ఆ రెంటినీ దగ్గరకు తోసి, కదలకుండా పట్టుకున్నారు. రెప్పపాటులో రెండూ ఒకటయ్యాయి. మూడోది, పదోది, చూసినవాళ్ల లెక్క ప్రకారం ఐదు వందలోది కూడా వచ్చి కలిసి, గిన్నె నిండా ఒకే బిళ్ల అయింది. పుల్ల తీసి పక్కన పెట్టారు.

“ఇందులో పుల్ల ఎక్కడుందో చూపించమ్మా.”

నీలవేణి గిన్నెలోకి వంగి చూసింది. తను చూసినవన్నీ ముదురాకులే. రిక్తిక పెద్దదిగా, చూడ్డానికి సులువుగా ఉంటుందని వాటినే కోసింది. అప్పుడే మొలిచిన వేరులో, చిన్న సంచులు ఇంకా విడివిడిగా తిరుగుతున్న వేళ, ఒక్కసారీ తొంగిచూడలేదు. గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె ఎంగిలి చేత్తోనే లేచి ప్రయోగశాలకు పరుగెత్తింది.

ఎంగిలాకులు తీసే సింహాద్రి వచ్చి, పుల్లను కూడా విస్తట్లోకి తోసి మడవబోయాడు.

“ఆ పుల్ల ఉండనివ్వవయ్యా,” అన్నారు మాస్టారు. “కలవాల్సిన బొట్లు ఇంకా ఉన్నాయి.”