చేతిలో సుద్దముక్క

వెరోనికమ్మ గారిని ఏదైనా అడిగితే ముందు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటారు. అద్దాలు తుడవడం మొదలుపెట్టారంటే ఇక జవాబు రాదు, ఎక్కడో ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి వస్తుంది. నర్సుల శిక్షణ కేంద్రంలో ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఇది తెలుసు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేస్తే పోయేదానికి ఊళ్ళన్నీ తిప్పి తీసుకొస్తారేమిటని మాకు అప్పట్లో ఒళ్ళు మండేది. పరీక్షలో రాసుకోవడానికైనా ఆ సంగతులు పనికొచ్చేవి కావు.

ఆ రోజు అడిగింది ఉదయశ్రీ. మర్నాటి నుంచి పోలియో చుక్కలు వేయడానికి మేమంతా ఇద్దరిద్దరుగా ఇంటింటికీ తిరగాలి. సాయంత్రం వసారాలో కూర్చుని, మందు చల్లగా ఉంచే నీలం పెట్టెలు కడిగి ఆరబెడుతున్నాం. వెరోనికమ్మ గారు మాకు సుద్దముక్కలు పంచుతున్నారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద ఒక గుర్తు పెట్టాలి. ఎవరైనా మిగిలిపోతే ఇంటూ గుర్తు పెట్టాలి. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి అడగాలని దానర్థం, అంతకు మించి ఏమీ లేదు.

ఉదయశ్రీ చురుకైన పిల్ల, మనసులో ఏదీ దాచుకోలేదు. "మేడమ్, కిందటిసారి నేను వెళ్ళిన వీధిలో కొందరు తలుపే తియ్యలేదండి. ఎండలో నిలబడి గొంతు పోయేలా బతిమాలాను. పక్క వీధిలో మా సీనియరక్క 'చుక్కలు వేయించకపోతే రేషన్ కార్డు తీసేస్తారు' అని ఒక్క మాట అంది. అంతే, పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చారు. అది అబద్ధమే అనుకోండి. కానీ చుక్కలు పడ్డాయి కదా. వాళ్ళ పిల్లల మంచికే కదా. కాస్త భయపెడితే తప్పేంటండీ?"

మాలో సగంమంది మనసులో ఉన్న మాటే అది. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాం. వెరోనికమ్మ గారు సుద్దముక్కల డబ్బా పక్కన పెట్టి కళ్ళద్దాలు తీశారు.

ఆవిడ చెప్పింది ఇది. ఆవిడతో పాటు పనిచేసిన హైమావతి అనే నర్సు ఒకావిడ ఉండేది. మంచి మనిషి, పనిలో ఒళ్ళు దాచుకునేది కాదు. గోదావరి కాలవ గట్టున వలలు అల్లుకుని, చేపలు పట్టుకుని బతికేవాళ్ళ పేట ఒకటి ఆవిడ వంతుకి వచ్చింది. ఎండాకాలం. పెట్టె పట్టీ భుజం మీద ఒరుసుకుపోతోంది. మొదటి గుడిసెలో నూకరత్నం అనే పడుచుపిల్ల, దాని చంటిపిల్లాడు సత్తిపండు ఉన్నారు. నూకరత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

"ఆయన రొయ్యల చెరువు కాపలాకి ఎళ్ళారండి. ఆయన్నడక్కుండా పిల్లోడి నోట్లో ఏదీ పొయ్యనండి" అంది.

హైమావతి నచ్చజెప్పి చూసింది. లాభం లేకపోయింది. సరే, మొగుడు వచ్చాక మళ్ళీ వద్దామనుకుని ఇంటూ పెట్టడానికి సుద్దముక్క తీసి గోడ మీదికి చెయ్యెత్తింది. నూకరత్నం ఒక్క అంగలో వచ్చి గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంటూ ఎయ్యకండమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను. పిల్లోణ్ణి తెత్తాను, ఉండండి" అని లోపలికి పరిగెత్తింది.

హైమావతికి ఏమీ పాలుపోలేదు. పక్క గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్న ముసలాయన అప్పుడు చెప్పాడు. "మేం ముందు అవతల గట్టునుండేవోళ్ళమండి. కాలవ ఎడల్పు చేత్తామని ఎవరో వచ్చి గోడలకి సున్నంతో ఇట్టాగే ఇంటూలు పెట్టి పోయారు. ఆనక మిషనొచ్చి ఆ గుర్తున్న కొంపలన్నీ పీకేసింది. ఈ నూకరత్నం పురుడు కూడా చెట్టు కిందే అయ్యిందండి."

హైమావతి సుద్దముక్క దించి గుమ్మం వైపు తిరిగింది. అయ్యో, ఇది ఆ ఇంటూ కాదమ్మా, మళ్ళీ రావాలని మా కోసం మేం పెట్టుకునే గుర్తు, అని చెప్పబోయింది. ఇంతలో నూకరత్నం పిల్లాణ్ణి తెచ్చి ఆవిడ ముందు పెట్టి, వాడి బుగ్గలు తనే నొక్కి నోరు తెరిపించింది. హైమావతి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ముందు చుక్కలు వేద్దాం, తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. వేసింది. పిల్లాడి వేలికి సిరా గుర్తు పెట్టింది. పెట్టె భుజాన వేసుకుని పక్క గుడిసెకి నడిచింది.

ఆ తర్వాత ఎవర్నీ బతిమాలవలసిన అవసరం రాలేదు. చేతిలో సుద్దముక్క కనిపిస్తే చాలు, లోపల్నించి పిల్లలు వచ్చేస్తున్నారు. ఆవిడ ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్కరినీ బెదిరించలేదు. ఊరికే నోరు మూసుకుని నిలబడింది, అంతే. మధ్యాహ్నం భోజనాల వేళకే పని పూర్తిచేసుకుని వచ్చిందని పై అధికారి నలుగురిలో మెచ్చుకున్నాడు. తోటి నర్సులు ఏం మంత్రం వేశావే అని ఆటపట్టించారు. ఆవిడా నవ్వింది. చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయిందని గుర్తులేక కాదు. ఈసారి వెళ్ళినప్పుడు చెబుదాంలే అనుకుంది. మనందరం ఇలాంటివి ఈసారికి దాచుకుంటూనే ఉంటాం.

వానలు పడ్డాక ఆ చుట్టుపక్కల తట్టు లేచింది. ఒళ్ళంతా ఎర్రగా పేలి, జ్వరం, దగ్గు, కళ్ళు పుసులు కట్టడం. హైమావతి సూదిమందు పెట్టె పట్టుకుని మళ్ళీ ఆ పేటకి వెళ్ళింది. పిల్లలందరూ చేతులు చాపుకుని వరసలో నిలబడ్డారు. ఏ తల్లీ కిక్కురుమనలేదు. ఎవరికైనా జ్వరంగానీ దద్దురుగానీ ఉందా అని ఆవిడ గుమ్మం గుమ్మానికీ అడిగింది. "మా పేటలో ఎవురికీ ఏటీ లేదండి" అన్నారు. నూకరత్నం గుడిసె మూసి ఉంది. పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళిందన్నారు. అందరూ ఒకే మాట, ఒకే తీరుగా చెప్పారు. హైమావతి సంతోషంగానే బయల్దేరింది.

తారు పూయడానికని గట్టున ఒక పడవ బోర్లించి ఉంది. దాని పక్కనుంచి వస్తుంటే లోపల్నించి దగ్గు వినిపించింది. చంటిపిల్లల దగ్గు. ఆవిడ పెట్టె కింద పడేసి, మోకాళ్ళ మీద కూలబడి పడవ కిందికి చూసింది. ఆ ఉక్కలో, ఆ తారు వాసనలో నూకరత్నం సత్తిపండుని ఒళ్ళో పెట్టుకుని, దగ్గు బయటికి వినబడకుండా వాడి మొహాన్ని రొమ్ముకి అదుముకుని కూర్చుంది. వాడికి ఇంకా తట్టు సూది వేసే ఈడు రాలేదు. ఒళ్ళంతా పేలిపోయి ఉంది. కళ్ళు అంటుకుపోయి ఉన్నాయి.

హైమావతి చేతులు చాపింది. నూకరత్నం పిల్లాణ్ణి ఇవ్వకుండా రెండు చేతులూ జోడించింది.

"మా ఇల్లు తీయించకండమ్మగారూ. జొరం రేపటికి తగ్గిపోద్దండి. ఇంటూ ఎయ్యకండి" అంది.

ఆ పిల్లాడు జ్వరంతో కాగుతున్నాడు. రోజుల తరబడి కాగుతున్నాడు. మొదటి రోజే ఏ నర్సుతోనైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆసుపత్రిలో కంటికి కావలసిన విటమిన్ మందు చుక్కలు పడేవి. పేటలో అందరికీ వాడి జ్వరం సంగతి తెలుసు. జబ్బున్న ఇంటికి ఇంటూ పడుతుందనుకుని, ఆ తల్లి ఇల్లు నిలబెట్టడం కోసం పేటంతా కలిసి వాణ్ణి దాచింది. హైమావతి పిల్లాణ్ణి భుజాన వేసుకుని, చెప్పులు కూడా అక్కడే వదిలేసి, రోడ్డు దాకా పరిగెత్తింది. వెనకాల నూకరత్నం ఏడుస్తూ పరిగెత్తింది. బిడ్డ కోసం ఏడుస్తోందో గోడ కోసం ఏడుస్తోందో ఆ క్షణాన దానికే తెలియదు పాపం.

వెరోనికమ్మ గారు అక్కడ ఆపేసి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఉదయశ్రీ చేతిలో ఉన్న పెట్టె పక్కన పెట్టి అడిగింది.

"బతికాడాండీ?"

"బతికాడు. ఒక కన్ను పోయింది."

"మరి ఆ పేటవాళ్ళు? తర్వాత నర్సుల్ని రానిచ్చారా?"

"రానివ్వకేం? ఇప్పటికీ మొదటి పిలుపుకే తలుపు తీస్తారు. హైమావతికి అదే బాధ. ఆ గుర్తు దేనికో ఇంటింటా కూర్చుని చెప్పింది. సుద్దముక్క వాళ్ళ చేతికే ఇచ్చి గీసుకోమంది. తలాడిస్తారు, నవ్వుతారు. ఆవిడ వెళ్ళగానే తడిగుడ్డతో తుడిచేస్తారట. రిటైరయ్యాక కూడా నెలకోసారి ఉత్త చేతులతో వెళ్ళి నూకరత్నం అరుగు మీద కూర్చుని వస్తుంటుంది. కిందటి నెల నూకరత్నం దానంతటది, సత్తిపండుకి ఒళ్ళు వెచ్చగా ఉందమ్మగారూ, ఓసారి చూడండి అందట. ఆ మాట నాకు చెప్పడానికి హైమావతి బస్సెక్కి ఇంతదూరం వచ్చింది."

ఉదయశ్రీ తల వంచుకుంది. రేషన్ కార్డు మాట ఇక ఎత్తలేదు. వెరోనికమ్మ గారు డబ్బాలోంచి ఒక సుద్దముక్క తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టారు. వేళ్ళు మూయించి, ఆ పిడికిలిని కాసేపు అలాగే పట్టుకున్నారు.

"రేపు దీన్ని సంచిలో వేసుకుని వెళ్ళమ్మా. చేత్తో పట్టుకుని ఎవరి తలుపూ కొట్టకు" అన్నారు.