క్లైమాక్స్‌కు ముందు ఇంటర్వెల్

వేరుశనగ చేను పక్కన టూరింగ్ టాకీసు డేరా వేసిన నాటి నుంచి రత్తయ్య దొడ్డిలో ఏ జంతువుకూ వేళకు నిద్ర లేదు. దొడ్డికీ డేరాకీ మధ్య ముళ్ళకంచె ఒక్కటే అడ్డం. డేరా వెనక గుడ్డ చిరిగిపోయి ఉండటంతో తెర వెనక వైపు నుంచి బొమ్మ బ్రహ్మాండంగా కనిపించేది, టికెట్టు అడిగేవాడూ లేడు. తేడా అల్లా ఒక్కటే. వెనక నుంచి చూస్తారు కాబట్టి వాళ్ళకు హీరో అయినా, విలన్ అయినా, అన్నం తినే ముసలమ్మ అయినా అందరూ ఎడమచేతి వాటమే. లోక మర్యాదే అంత కాబోలు అనుకున్నారు దొడ్డివాళ్ళు.

సినిమా పిచ్చి అందరికంటే ముదిరింది కాపలా కుక్క భద్రయ్యకు. చిరిగిన చెవి, బొంగురు గొంతు, మెత్తటి మనసు. ఆఖరి సీనంటే ప్రాణం. ఊరంతా కర్రలెత్తి విలన్ మీదికి ఉరుకుతుంటే, "వదలొద్దు! ఉతకండి!" అని ఇక్కడి నుంచే మొరిగేవాడు. ఆ ఉరికే వాళ్ళలో ఒక్కడి పేరైనా ఏ సినిమాలోనూ చెప్పరు. వాళ్ళకు పేర్లుండవు, కర్రలుంటాయంతే. ఆ సంగతి భద్రయ్యకు ఎప్పుడూ తట్టలేదు.

గుంటయ్య అనే నక్క కూడా వచ్చి కంచె అవతల కూర్చునేవాడు. బొమ్మ ఆడుతున్నంతసేపూ ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదని ఒప్పందం. కథలో ఏం జరుగుతోందో గొర్రెలకు విడమరిచి చెప్పేది అతనే.

ఒక మధ్యాహ్నం రత్తయ్య ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళారు. భద్రయ్య గడ్డివాము నీడన కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి చుట్టూ గొర్రెలు, మేకలు, కోళ్ళు, ఒక గేదె. అందరికీ ముందు పొట్టేలు కొమ్మయ్య.

"విలన్ దొరికాడు!" అని అరిచాడు కొమ్మయ్య.

భద్రయ్య సంబరంగా లేచి తోక ఊపాడు. "ఎక్కడ? ఎక్కడ? పదండి పదండి!"

"ఎక్కడికయ్యా పదండి? నువ్వే!"

తోక ఆగిపోయింది. "నేనా? ఏం చేశాను మావా?"

"గుడ్లు మాయమవుతున్నాయి. గుంటయ్య అంతా విప్పి చెప్పాడు. సినిమాలో ఒక్కడైనా కుడిచేయి వాడాడా? లేదు. మరి నువ్వు చెవి ఏ కాలితో గోక్కుంటావు?"

"కుడి కాలితో..."

"విన్నారా! వాడే ఒప్పుకున్నాడు!"

"ఒప్పుకున్నాడు!" అన్నాయి గొర్రెలన్నీ ఒక్క గొంతుతో. "వదలొద్దు! కుమ్మండి!"

భద్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. రోజూ తను అరిచే మాటలే. ఇటువైపు నిలబడి వింటే ఇంత భయంగా ఉంటాయని అతనికి ఇవాళే తెలిసింది.

పారిపోవడానికి సందు లేకపోలేదు. కానీ తను పోతే దొడ్డికి దిక్కెవరు? చుక్కమ్మ పెట్ట మొన్ననే పిల్లల్ని లేపింది. ఆ పిల్లలు పెరట్లో గంప కింద ఉన్నాయి. చుక్కమ్మ మాత్రం ఇక్కడే, అందరికంటే గట్టిగా అరుస్తోంది. భద్రయ్య గుంపునంతా కలియజూశాడు. ఇంత మంచి సీను చూడకుండా గుంటయ్య ఏడి?

ఇంకెక్కడ, గంప దగ్గరే ఉండి ఉంటాడు. అయినా చెబితే ఎవరు నమ్ముతారు? విలన్ మాట సినిమాలో ఎవరు నమ్మారు గనక!

కొమ్మయ్య కొమ్ములు వంచాడు. భద్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"కుమ్మండి, కాదనను. కానీ ఇంటర్వెల్ ఏదీ?"

గుంపు ఆగింది.

"ఇంటర్వెల్ లేకుండా క్లైమాక్స్ ఎప్పుడైనా చూశామా, కొమ్మయ్య మావా?"

"నిజమే సుమా," అంది ముసలి గొర్రె పోలమ్మ. "మధ్యలో సోడాలూ పల్లీలూ అమ్ముతారు కదా."

"నాకు ఇంటర్వెల్లోనే నెమరు కుదురుతుంది," అంది గేదె.

తనకు సినిమా తెలియదని ఎవరైనా అనుకుంటారేమోనని కొమ్మయ్యకు నామోషీ వేసింది. "ఆ మాత్రం నాకు తెలీదా? ఇంటర్వెల్! పోయి త్వరగా రండి. ఒరేయ్, నువ్వు మాత్రం కదలకు!"

"నేను లేకుండా ఆట ఎలా నడుస్తుంది మావా? ఇక్కడే ఉంటా."

గుంపు విడిపోయింది. ఒకరు తొట్టి దగ్గరికి, ఒకరు చిట్టు బుట్ట దగ్గరికి, తలా ఒక దిక్కు. పోలమ్మ ఒంటరిగా పల్లీ ఆకు నములుతుంటే, కిందటి వానల్లో కాలవలో కొట్టుకుపోతున్న తన పిల్లను మెడ పట్టి గట్టుకు లాగిందెవరో గుర్తొచ్చింది. నమలడం ఆపేసింది. కొమ్మయ్యకు చెవి దురద పెట్టింది. గోక్కున్నాడు. ఏ కాలితో గోక్కున్నాడో అప్పుడు చూసుకుని, ఎవరైనా చూశారేమోనని నాలుగువైపులా చూశాడు.

ఇంతలో పెరట్లోంచి చుక్కమ్మ కేక! గింజలు ఏరుకుంటూ పిల్లల దగ్గరికి పోతే, గంప కింద మూతి దూర్చి గుంటయ్య!

భద్రయ్య ఒక్క ఉరుకు ఉరికాడు. నక్క కంగారులో గంపను ఎత్తి నెత్తి మీదే వేసుకున్నాడు. పిల్లలు తలో వైపూ పరుగెత్తాయి, నక్క లోపల చిక్కాడు. భద్రయ్య ఎగిరి గంప మీద కూర్చున్నాడు.

"అన్యాయం!" అని లోపలి నుంచి ఏడుపు. "క్లైమాక్స్ మధ్యలో ఇంటర్వెల్ ఇవ్వడం ఏ సినిమాలో ఉందయ్యా?"

అందరూ పోగయ్యారు. "ఈసారి నిజం విలన్!" అన్నాడు కొమ్మయ్య, మళ్ళీ కొమ్ములు వంచుతూ. "కుమ్మండి!"

గంప మీది నుంచి భద్రయ్య తాపీగా అన్నాడు. "ఇంటర్వెల్ ఇంకా అయిపోలేదు మావా."

ముందు పోలమ్మ నవ్వింది. తర్వాత గేదె. ఆఖరికి కొమ్మయ్యా నవ్వక తప్పలేదు. భద్రయ్య గంప ఎత్తగానే గుంటయ్య తోకలో సగం బొచ్చు ముళ్ళకంచెకు వదిలేసి కొండెక్కాడు. ఇప్పుడు సినిమాలన్నీ అక్కణ్ణుంచే వింటున్నాడు. పాటలు వినిపిస్తాయి, బొమ్మ కనపడదు.

ఆ రాత్రి ఆఖరి సీనులో ఊరంతా కర్రలెత్తగానే దొడ్డివాళ్ళు భద్రయ్య వైపు చూశారు. భద్రయ్య మొరగలేదు. కుడి కాలితో హాయిగా చెవి గోక్కున్నాడు.

పదిమందితో కలిసి ఒకణ్ణి కొట్టడానికి పోయేవాడు, దారిలో ఒక్క నిమిషం ఒంటరిగా ఆగి తన చెవి తాను గోక్కుని చూసుకోవాలి.