రవ్వ ఖాళీ చేయించిన గుహ

ఎర్రకొండ వాలులో, బండరాళ్ల కింద చల్లటి గుహ ఒకటి. అందులో రేచుకుక్కల, అంటే ఎర్ర అడవికుక్కల, గుంపు కాపురముండేది. గుంపు అని పేరే గానీ, అడవంతా గాలించినా ఆ ఎర్రటి జాతి మిగిలింది ఆ గుప్పెడు మందే. కొద్దిమందే కాబట్టి ఒకరంటే ఒకరికి ప్రాణం. వేట నుంచి రాగానే మెడలు రాసుకోవాలి, పడుకుంటే ఒకరి మీద ఒకరు కుప్పగా పడుకోవాలి. అదీ ఆ ఇంటి పద్ధతి. గుంపుకి పెద్ద కెంపమ్మ మాత్రం కొత్తగా పుట్టిన నాలుగు కూనలతో లోపలి గూట్లో పడుకునేది.

ఆ కుప్పలో కెంపమ్మ చెల్లెలు రవ్వకి కునుకు పట్టడం లేదు. చంక కింద ఒకటే దురద. గోకితే హాయి, ఆపితే మంట. లేస్తుంది, తిరుగుతుంది, మళ్లీ వచ్చి పడుకుంటుంది. పక్కనున్న జాజన్న పరిస్థితి మరీ ఘోరం. అడవి అంచున ఒక ఊరకుక్కతో కలబడి వచ్చినప్పటి నుంచి వీపు మీద బొచ్చంతా రాలి, చర్మం చెట్టు బెరడులా తయారైంది.

వాళ్ల ఎంగిలి ఎముకల మీద బతికే గుంటనక్క ఓబన్న గుహ ముందు కూర్చుని నిట్టూర్చాడు. ఆ చల్లటి ఇంటి మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

"ఇది దిష్టే కెంపమ్మా! ఉన్నదే గుప్పెడు మంది, ఎవర్నీ దూరం పెట్టకండి. ఇంకా దగ్గరగా పడుకోండి. కూనల్ని కూడా కుప్ప నడిమధ్యలో పెట్టుకోండి. ఆ వేడికి దురద చచ్చి ఊరుకుంటుంది."

"అయితే నువ్వూ వచ్చి పడుకోరాదూ మామా?" అంది రవ్వ.

"నేనా! పరాయివాణ్ణి, మీ మధ్యలో నాకేం పని తల్లీ?" అంటూ ఓబన్న రెండడుగులు వెనక్కేశాడు.

ఆ వెనకడుగు రవ్వ మనసులో ముల్లులా దిగింది.

మర్నాడు జాజన్న వాగు దగ్గర నీళ్లకి వంగి, ఇక లేవలేదు. కెంపమ్మ ఏడ్చి ఏడ్చి, "ఈపూట నుంచి కూనలు కూడా మన మధ్యే" అంది.

రవ్వకి కాలు నిలవలేదు. కొండెక్కింది. పైన బండ మీద ఎండలో, గుంపుకి దూరంగా ఒంటరిగా ఉండే ముసలి గుర్రుతాత వెల్లకిలా పడుకున్నాడు. ఒంటి మీద బొచ్చు నిగనిగలాడుతోంది.

"తాతా, నీకు దురద లేదూ?"

"నాకెవరు ఆనుకుంటారే? గురక పెడతానని గెంటేశారుగా మీరంతా!"

రవ్వ ఒక్క పరుగున కిందికి దిగింది. "అక్కా, ఇది ఆనుకుంటే అంటుకునే గజ్జి. గుహ వదిలేద్దాం. ఎవరి పొద కింద వాళ్లు పడుకుందాం."

"మతిపోయిందా నీకు? విడివిడిగా పడుకుంటే చిరుతకి తలా ఒక ముద్ద అవుతాం!"

"వేటలో ఒకరికొకరం కనపడం. అయినా ఈల వేసుకుంటూ కలిసే పోతాం కదా? పడుకున్నప్పుడూ అంతే."

ఇంతలో చిన్న కూన ఒకటి తోకాడించుకుంటూ వచ్చింది. రోజూ తెచ్చిన మాంసం కక్కి పెట్టే పిన్ని నోటికి మూతి ఆనించబోయింది. రవ్వ పళ్లు బయటపెట్టి గుర్రుమంది. కూన బెదిరి వెనక్కి దొర్లింది.

"ఇక దీనికి తాత పెడతాడు. నా ఒంట్లో ఉందక్కా అది," అంది రవ్వ, కూన వైపు చూడకుండా.

కెంపమ్మ చెల్లెలి మొహంలోకి చూసింది. తర్వాత కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని కొండ మీదికి నడిచింది.

చివరగా బయటికొచ్చిన రవ్వ, గుహ ముందు తచ్చాడుతున్న ఓబన్నని చూసింది.

"లోపలికి పోకు మామా. ఆ మట్టిలో కూడా గజ్జి పురుగుంటుంది. వానలు వెళ్లనీ."

'గజ్జి ఒంటితో పాటే పోతుంది గానీ ఇంట్లో ఉంటుందా? మళ్లీ వచ్చి దూరుదామని ఎత్తు వేస్తోంది పిల్ల!' అనుకున్నాడు ఓబన్న. వాళ్లు కనుమరుగు కాగానే లోపలికి దూరి, రాలిన ఎర్రబొచ్చు పరుపు మీద హాయిగా దొర్లాడు.

వానల్లోపు గుంపులో ఇంకొకరు పోయారు. రవ్వ మాత్రం అందరికీ దూరంగా బలుసుపొద కింద పడి, గోక్కుంటూ, ఈలలకి బదులిస్తూ బతికింది. రాలినచోట మళ్లీ బొచ్చు మొలిచింది. కూనలకి మచ్చ కూడా పడలేదు.

ఒక పొద్దున ఓబన్న వచ్చాడు. తోక తాడులా ఉంది, చెవులు పుండ్లు.

"అక్కడే ఆగు మామా," అంది రవ్వ.

"అంత దుర్మార్గమా? ఒక్క మాట నాకు ముందే చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పాను కదా మామా."

ఓబన్న వీపు బండకేసి రుద్దుకుంటూ నిలబడిపోయాడు.

నీతి: రోగమొచ్చినప్పుడు ఎడంగా పడుకోగలిగినవాళ్లే తర్వాత దగ్గరగా పడుకోవడానికి మిగులుతారు.