నల్లపెట్టకు నక్క నేర్పిన పద్ధతి

మెట్టచేను గట్టున ఒక పశువుల కొట్టం. ముందు కుడితితొట్టి, పక్కన గడ్డివాము, వెనక పెంటగుంట, చుట్టూ ముళ్లకంచె. ఆ కొట్టంలో ఓ మూల, బోర్లించిన పాత గంప కింద కాపురం పెట్టింది నల్లపెట్ట. గుడ్లు పొదిగినన్నాళ్లూ దానికి హాయిగానే గడిచింది. కదలకుండా కూర్చోవడమే కదా పని! తొలిసారి తల్లయింది. పిల్లలు బయటికొచ్చాక గానీ అసలు గొడవ తెలిసిరాలేదు.

పొద్దున్నే పాత గడ్డి తోసేసి కొత్త గడ్డి పరుద్దామంటే, ఆ పాత గడ్డిలోనే ఒక పిల్ల కూర్చుని దానితోపాటే బయటికి పోయేది. దాన్ని వెతకడానికి వెళితే ఇంకోటి తొట్టి అంచెక్కేది. చెదపురుగులు తెచ్చి పెడితే తిన్నపిల్లే మళ్లీ ముందుకొచ్చేది, తిననిపిల్ల దూరంగా నిలబడి కీచుకీచుమనేది. మట్టిస్నానం చేయించిన పిల్లకే మళ్లీ చేయించి, "ఇదేమిటమ్మా ఎంత చేసినా నల్లగానే ఉంది" అని వాపోయేది. అది పుట్టుకతోనే నల్లపిల్ల.

ఒకరోజు నల్లపెట్ట కొట్టంలో కట్టేసి ఉన్న ముసలి ఎద్దు దగ్గరికొచ్చి అడిగింది.

"మామా, ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా?"

"ఎండ నడినెత్తినుందే తల్లీ."

"అయ్యో, నేనింకా ఇల్లు ఊడ్వలేదే!"

"ఊడ్చావు. పొద్దుటినుంచీ ఊడుస్తూనే ఉన్నావు."

"మరి నేను తిన్నానా?"

ఎద్దు నెమరు ఆపి ఆలోచించింది. "అది మాత్రం చూడలేదమ్మా."

అటుగా పోతున్న బాతు ఆగింది. వెనకాలే దాని పిల్లలు దారం కట్టినట్టు ఆగాయి. "క్రమం ఉండాలమ్మాయ్! నా పిల్లల్ని చూడు, వరుస తప్పితే ఒట్టు."

"క్రమమా, నా మొహమా!" అంది కంచె దగ్గర మేస్తున్న మేక. "నా పిల్లలు గెంతుతాయి, నేను మేస్తాను. పొద్దుగూకితే అవే వస్తాయి. ఊరికే వాటి వెంటపడకు."

"ఇద్దరి మాటా నిజమే" అంది ఎద్దు.

దాంతో నల్లపెట్టకు ఉన్న కాస్త మతీ పోయింది. వరుసలో నడపాలా, వదిలెయ్యాలా? ఒక పూట వదిలేసింది, రెండు పిల్లలు పెంటగుంట అంచుదాకా పోయాయి. ఒక పూట వరుస కట్టించింది, ముందుది కదిలేసరికి వెనకది నిద్రపోయింది.

ఈ గోలంతా కంచె అవతల పొదలో కూర్చున్న ఆడనక్క చెవిన పడింది.

"చెల్లెమ్మా" అని మెల్లగా పిలిచింది. "భయపడకు. నేను ఇవతలే ఉన్నాను, మధ్యన ముళ్లున్నాయి. నీ అవస్థ చూడలేక పలకరించాను. నేనూ పిల్లల తల్లినే కదా!"

నల్లపెట్ట నాలుగడుగులు వెనక్కేసింది. కానీ వెళ్లిపోలేదు. "నీ పిల్లలు మాట వింటాయా అక్కా?"

"ఎందుకు వినవు? పద్ధతి ఉంటే ఇల్లే మాట వింటుంది. చెప్తాను విను. తెల్లారగానే అందరికీ మేత. ఆపైన మట్టిస్నానం. ఎండెక్కాక గడ్డివాము వెనక్కి తీసుకెళ్లి అందర్నీ ఒకేసారి పడుకోబెట్టు. ఆ కాస్త సేపట్లో నువ్వు గంప కింద శుభ్రం చేసుకో, కాలవకెళ్లి కడుపునిండా నీళ్లు తాగిరా. తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంటుంది, నీ ఒళ్లు తేలికపడుతుంది."

ఆ మాటలు తేనెలా దిగాయి. గడ్డివాము వెనకే ఎందుకని నల్లపెట్ట అడగలేదు. ఆ వేళకి ఎద్దును నీళ్లకు తోలుకుపోతారనీ, కాపలా ఉండే కర్రికుక్క కొట్టం ముందు అరుగు మీద కునుకు తీస్తుందనీ దానికి తట్టలేదు. నక్కకు తెలుసు. వాము వెనక కంచెలో సందుందనీ తెలుసు. ఒక్క పిల్లను పట్టుకుంటే మిగతావి అరిచి కుక్కను లేపుతాయి. అందుకే అన్నీ ఒకేసారి నిద్రపోవాలి.

మర్నాడు ఎండెక్కాక నక్క సందులోంచి తల పెట్టింది. వాము వెనక ఎవరూ లేరు. నల్లపెట్ట ఇంకా మట్టిస్నానం దగ్గరే ఉంది. ఆ తర్వాతి రోజు పిల్లలు పడుకున్నాయి గానీ, ఎద్దు ఇంకా నీళ్లకు పోకముందే, దాని కాళ్ల సందున. ఇంకో రోజు నల్లపెట్టే వాము వెనక నిద్రపోయింది, పిల్లలు దాని వీపు మీద ఆడుకుంటున్నాయి.

"నేను చెప్పిందేమిటి, నువ్వు చేసేదేమిటి?" అని కంచె దగ్గర పళ్లు నూరింది నక్క.

"మేత ముందన్నావా, స్నానం ముందన్నావా అక్కా? మేత పెట్టేసరికి కొన్ని స్నానం చేసేశాయి. చేసినవాటికి మళ్లీ ఆకలేసింది. అసలు ఇది ఏ రోజు పని?"

నక్కకే తల తిరిగింది. ఆకలి కూడా ముదిరింది. "సరేలే. రేపు నువ్వు కాలవకి పో. పిల్లల్ని నేను పడుకోబెడతాను."

అలసిపోయినవాడికి ఆసరా చూపిస్తే ముల్లుకర్రైనా పట్టుకుంటాడు. నల్లపెట్ట ఒప్పుకుంది.

మర్నాడు నక్క వాము వెనక గడ్డి సర్ది కూర్చుంది. "రండర్రా, పెద్దమ్మ జోకొడుతుంది. కళ్లు మూసుకోండి." నాలుగు మూసుకున్నాయి. అయిదోది, "పెద్దమ్మా, దాహం" అంది. దానికి తొట్టి చూపించి వచ్చేసరికి ఆ నాలుగూ లేచాయి.

"కథ చెప్పు పెద్దమ్మా!"

"అనగనగా ఒక నక్క..."

"నక్క వద్దు, కోడి కథ చెప్పు!"

"అనగనగా ఒక కోడి..."

"దాని పేరేమిటి? అది పడుకుందా? ఎందుకు పడుకోలేదు?"

ఒకటి పడుకుంటే ఒకటి లేచేది. ఒకటి నక్క తోకలో దూరింది. ఒకటి చెవిలోకి తొంగిచూసి, "లోపలెవరున్నారు?" అంది. ఏది పడుకుందో, ఏది లేచిందో, ఏది ఏదో నక్కకు అర్థంకాలేదు. వేడి గడ్డి, ఖాళీ కడుపు. "పడుకోండర్రా, పడుకోండి" అని జోకొడుతూ జోకొడుతూ, చివరికి అదే తల వాల్చి గుర్రు పెట్టింది.

అప్పుడే నల్లపెట్ట కాలవనుంచి వచ్చింది. పిల్లలన్నీ దానికి ఎదురొచ్చాయి. నల్లపిల్ల గొప్పగా చెప్పింది.

"అమ్మా, పెద్దమ్మ మా అందరి పొట్టలూ నొక్కి చూసింది. నేనే బాగా బలిశానంది! అందర్లోకీ నేనే ముందట!"

"దేనికి ముందు?"

"ఏమో. పడుకున్నాక చెప్తానంది."

ఇన్ని రోజుల తికమకా ఒక్కసారిగా దిగిపోయింది నల్లపెట్టకు. పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని, అరుగు మీది కుక్కకు వినబడేలా కొట్టం దద్దరిల్లేట్టు అరిచింది.

కర్రికుక్క ఒక్క దూకు దూకింది. నిద్రమత్తులో లేచిన నక్కకు తానెక్కడుందో తెలియలేదు. కంచె సందు ఎటో, కొట్టం ఎటో తోచక వెనక్కి పరుగుతీసి, మెడలోతున పెంటగుంటలో కూలబడింది. పడుతూ లేస్తూ అవతలి గట్టెక్కేసరికి, తోకలో సగం బొచ్చు కుక్క నోట్లో ఉంది.

నల్లపెట్ట పిల్లల్ని ఒక్కొక్కదాన్నే ముక్కుతో తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయని తేలినా నమ్మక మళ్లీ తడిమింది. "ఎంత తెలివితక్కువదాన్ని మామా! నా ఇల్లు చక్కబెట్టుకోడానికి దాన్నా అడిగాను?" అని నీళ్లనుంచి తిరిగొచ్చిన ఎద్దు ముందు ఏడ్చింది.

"నీకు తోడు కావాల్సొచ్చింది, తప్పేముంది" అంది ఎద్దు. "మేమిక్కడే ఉండి మాటలు చెప్పామే గానీ, ఒక్క పిల్లను పట్టుకున్నామా?"

ఆ మాటకు బాతు తల దించుకుంది. మర్నాటినుంచి ఎద్దు నీళ్లనుంచి వచ్చాకే నల్లపెట్ట కాలవకి వెళ్లేది, అప్పుడు పిల్లలు ఎద్దు దగ్గర, బాతు కళ్ల ముందు ఉండేవి. నల్లపెట్ట కూడా ఎవరి మాటా పట్టుకోకుండా పిల్లల్నే చూడడం మొదలుపెట్టింది. నేల చల్లగా ఉన్నప్పుడు వాటికి ఆకలి. ఎండ చురుక్కుమంటే వాటంతటవే నీడకొచ్చి వాలిపోతాయి. అవి వాలిపోయినప్పుడు గడ్డి మార్చుకుంది, మట్టి తవ్వినప్పుడు తనూ పక్కన దిగి స్నానం చేసింది. ఇప్పటికీ ఒక్కోరోజు తను తిన్నదో లేదో మరిచిపోతుంది. అప్పుడు నల్లపిల్ల ఒక చెదపురుగు తెచ్చి దాని ముందు పెడుతుంది.

ఇంటికి పద్ధతి కావాలంటే పిల్లల్ని చూసి పెట్టుకోవాలి గానీ, పిల్లల మీద కన్నేసినవాళ్లను అడిగి కాదు.