రాతి ఏనుగు ఎక్కిన వంతెన

అల్లరి మానితేనే చెప్తా. ఒరేయ్, ముందు ఆ కాలు ఊపడం ఆపు.

మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో మకరధ్వజుడని ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణిధ్వజుడు, రెండోవాడు వీరధ్వజుడు, చిన్నవాడు చిత్రధ్వజుడు. వాళ్ల మేనత్త కూతురు మందారవల్లి. తల్లీ తండ్రీ లేని పిల్ల, ఆ కోటలోనే పెరిగింది. ఒకనాడు వక్రదంతుడనే మాంత్రికుడు ఆ పిల్లని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతలికా? కాదర్రా, సముద్రమైతే పడవెక్కి పోవచ్చు. వాడు పోయింది లోయ అవతలికి. ఆ గట్టు ఎంత నున్నగా ఉంటుందంటే, ఉడుము కూడా పాకలేదు.

అక్కణ్ణుంచి కేకేశాడు. "వంతెన కట్టండిరా! నా రాతి ఏనుగు ఎక్కినా నిలిస్తే పిల్లని పంపిస్తా. కూలిందో, కట్టినవాణ్ణి రాయి చేసేస్తా!"

పెద్దవాడు పెద్ద పెద్ద టేకు దూలాలు వేశాడు. ఏనుగు నడిమికి రాగానే దూలాలు కిందికి వంగాయి, అడుగు వైపు నారలు సాగి సాగి ఫెళ్ళున చిట్లాయి. ఏనుగు గాల్లో ఎగిరి వెనక్కి పోయింది. పాపం, మణిధ్వజుడు రాయైపోయాడు.

రెండోవాడు చేయంత లావు తాళ్లతో వంతెన వేలాడదీశాడు. తాళ్లు తెగలేదు సుమా! కానీ ఏనుగు అడుగుకీ వంతెన ఊపుకీ తాళం కుదిరింది. ఊగింది, ఇంకా ఊగింది, ఇంకా ఇంకా ఊగి తిరగబడింది. వీరధ్వజుడూ రాయైపోయాడు.

చిత్రధ్వజుడు అన్నల రాతి కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పుడొక ముసలి తాబేలు వచ్చి, "ఏడుపు చాలుగానీ, నా వీపు మీద నిలబడు నాయనా" అంది.

"నువ్వు నలిగిపోతావు తాబేలు మామా!"

"నిలబడి చూడవయ్యా!"

నిలబడ్డాడు. డిప్ప కిమ్మనలేదు. "నా బరువంతా ఏమైంది మామా?"

"వంపు మీద పడ్డ బరువు నడుమున ఆగదు. ఇటూ అటూ దిగి నేలలోకి పోతుంది. అలా కట్టు. ఇంకోమాట, వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక పంజరం ఏనుగు పొట్టలో ఉంది."

చిత్రధ్వజుడు లోయలో ఊతకర్రలు నిలబెట్టి, వాటిమీద రాళ్లు వంపుగా పేర్చాడు. రెండు గట్ల నుంచీ సమంగా పేర్చుకుంటూ వచ్చి, చివరి రాయి నడినెత్తిన దిగ్గొట్టాడు. ఇక ఊతకర్రలు తియ్యాలి. ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. కట్టినవాడు కిందే నిలబడాలి, బరువు ఎక్కి దిగేదాకా కదలకూడదు. చిత్రధ్వజుడు వెళ్లి నిలబడ్డాడు. జనం కర్రలు తీశారు. వంతెన ఒక్కసారి మూలిగి, బొటనవేలంత దిగి, ఆగిపోయింది. కింద ఏ ఆధారమూ లేదు, అంత రాయీ గాల్లో నిలబడింది! ముసలి రాజు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

వక్రదంతుడు పళ్లు కొరికాడు. ఏనుగుని వంతెన ఎక్కించి, నడిమికి రానీయకుండా తన వైపే ఆపేశాడు. "పెరగవే!" అన్నాడు. అది రెండింతలైంది. అటువైపు అణిగింది, ఇటువైపు ఉబ్బింది, రాళ్ల మధ్య చెయ్యి పట్టేంత సందు విడింది. చిత్రధ్వజుడి మీద మట్టి రాలింది.

"ఇటువైపు బరువు కావాలి! అటెంతో ఇటంత!" అని అరిచాడు.

కూలిపోయే వంతెన ఎవరెక్కుతారర్రా? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పూటకూళ్ల నాంచారమ్మ మాత్రం రుబ్బురోలు దొర్లించుకుంటూ వచ్చింది. "చూస్తారేం? మన పిల్లాడు కింద ఉన్నాడు!" అని ఎక్కేసింది. వెనకే రాజు ఎక్కాడు. ఆ వెనక తిరగళ్లతో, సన్నికళ్లతో, చంకన బిడ్డలతో ఊరు ఊరంతా ఎక్కింది. విడిన సందులు మెల్లగా మూసుకున్నాయి. బరువు పెరిగినకొద్దీ రాయీ రాయీ బిగుసుకున్నాయి.

"పెరుగు! ఇంకా పెరుగు!" అని మాంత్రికుడు వెర్రెత్తినట్టు అరిచాడు. ఏనుగు పెరిగింది. కాళ్లూ లావయ్యాయి, కానీ ఒళ్లు బరువెక్కినంతగా కాళ్లకి బలం రాలేదు. తన బరువు తనకే ఎక్కువై, నాలుగు కాళ్లూ పగిలి కూలబడింది. ముక్కలు అక్కడే కుప్పపడ్డాయి కాబట్టి తూకం చెడలేదు. పొట్టలోంచి పంజరం దొర్లి కిందపడుతుంటే చిత్రధ్వజుడు నిలబడ్డ చోటునుంచే ఒడిసి పట్టుకున్నాడు.

"బాబ్బాబు, చంపకు!" అని వక్రదంతుడు కాళ్లబేరానికి వచ్చాడు. అన్నలిద్దర్నీ మనుషుల్ని చేశాడు, మందారవల్లిని వదిలాడు. వాడు తన మంత్రాలన్నీ ధారపోశాక చిత్రధ్వజుడు వాణ్ణి ప్రాణాలతో పోనిచ్చాడు.

చిత్రధ్వజుడికీ మందారవల్లికీ ఆ వంతెన మీదే పెళ్లి. తలంబ్రాలు పోస్తూ ఆ పిల్ల మెల్లగా అడిగింది. "బావా, కింద నిలబడ్డప్పుడు భయం వెయ్యలేదా?"

"ఊతకర్రలు తీసినప్పుడు కొంచెం వేసింది" అన్నాడు. "ఏనుగు పెరిగినప్పుడు ఇంకాస్త వేసింది. కానీ మనవాళ్లంతా బిడ్డల్తో సహా నా తలమీదికి నడిచి వచ్చారు చూడు, అప్పుడు మాత్రం కాళ్లు గడగడ వణికాయి మందారా!"

ఆ తర్వాత వాళ్లు చాలా ఏళ్లు రాజ్యం చేశారు. ఆ రాజ్యంలో ఎవరు ఏం కట్టినా, ఊతకర్రలు తీసే రోజున కట్టినవాడి పక్కన రాజూ కింద నిలబడేవాడు.